తాతయ్య పంచె మీద వాలిన చీరలు

మొన్న సాయంత్రం మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ తలుపు కొట్టాడు. ఆయన వెనకాల వీపున డబ్బా తగిలించుకున్న మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. కింది ఫ్లాటావిడ ఫిర్యాదు చేసిందట. మా బాల్కనీలో ఉన్న నందివర్ధనం కుండీ నుంచి వాళ్ళు ఆరేసిన బట్టల మీద మిరియపు గింజల్లాంటి నల్లటి ఉండలు రాలుతున్నాయట. మొక్కకి పురుగు పట్టిందని ఆవిడే తేల్చేసింది.

"ఎంతసేపండీ ఆంటీ, మందు కొట్టేసి వెళ్ళిపోతాడు. ఖర్చు కూడా అసోసియేషన్‌దే. మీ మంచికే చెబుతున్నా" అన్నాడు సెక్రటరీ.

'మీ మంచికే' అన్న మాట చెవిన పడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అరవై దాటినదాన్ని, బీపీ మాత్రలు మింగేదాన్ని, తలుపుకి అడ్డంగా నిలబడి "ఎవర్నడిగి కొడతారు?" అని అరిచాను. పాపం ఆ డబ్బా మనిషి రెండడుగులు వెనక్కి వేశాడు. నేనూ ఉలిక్కిపడ్డాను, ఎందుకంటే ఆ అరుపు అచ్చం మా అమ్మ గొంతుతో వచ్చింది. మా అమ్మ జన్మలో ఒక్కసారే అలా అరిచింది.

అప్పట్లో మేం గుణదలలో, కొండ కనపడే ఒక సందులో పెంకుటింట్లో ఉండేవాళ్ళం. ఇల్లు ఇరుకు, దొడ్డి విశాలం. పెరట్లో నిమ్మ, కరివేప, మునగ, గేటు పక్కన గన్నేరు, బావి దగ్గర గుబురుగా నందివర్ధనం ఉండేవి. అమ్మ ఆడపిల్లల బళ్ళో సైన్సు టీచరు. నాన్న ఆటోనగర్లో లారీ సామాన్ల కొట్టులో గుమస్తా. ఇంటి మీదా, కోళ్ళ మీదా, మా అందరి మీదా పెత్తనం నాన్నమ్మది. తాతయ్య నేను పుట్టకముందే పోయాడు. ఆయన పంచెలు మాత్రం ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య మడత నలగకుండా ఉండేవి.

చలి వెనకపట్టి, మామిడి పూత వాసన సందంతా కమ్ముకునే రోజుల్లో అమ్మ ఆ పెట్టె తెరిచి ఒక పంచె బయటికి తీసింది. దాన్ని దొడ్లో బట్టల తీగ మీద పరిచి, నాలుగు కొసలకీ రాళ్ళు కట్టి, ఎదురుగా దీపం పెట్టింది. ఆ దీపం నాన్న ఆటోనగర్ నుంచి తెచ్చిన పాత లారీ హెడ్‌లైటు. దానికి తోడు ఒక ముసలి బ్యాటరీ. కరెంటు ఉన్నా పోయినా మా దొడ్లో మాత్రం లారీ వచ్చి ఆగినంత వెలుగు ఉండేది. ఆ వెలుక్కి దీపప్పురుగులు ఒక్కొక్కటే వచ్చి పంచె మీద వాలేవి.

నాన్నమ్మ చూసి నెత్తిన చేతులు పెట్టుకుంది. "చిమ్మట్లు కొట్టకుండా ఇన్నేళ్ళు దాచానే! నువ్వు తీసుకెళ్ళి చిమ్మట్లకే పక్క పరిచావా తల్లీ!"

"ఇవి బట్టలు కొరికేవి కాదత్తయ్యా. ఇవి వేరు."

"బైబిలు వాక్యంలో చిమ్మెట ఎక్కడొచ్చినా పాడుచేసేదిగానే వచ్చిందమ్మాయ్" అని నాన్నమ్మ తీర్పు చెప్పి, పీట తెచ్చుకుని మా పక్కనే కూర్చుంది. తిట్టడానికైనా సరే, రోజూ వచ్చి కూర్చునేది.

అమ్మకి వాటి మీద అంత మమకారం ఎందుకో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. అడిగితే ఆవిడకి కోపం కూడా వచ్చేది. "అన్నిటికీ కలిపి దీపప్పురుగు అని ఒకటే పేరా? సందులో ఉన్న మనుషులందర్నీ 'ఒరే' అని పిలిస్తే ఊరుకుంటారా?" అనేది. అందుకని మేమే పేర్లు పెట్టాం. పట్టుకోకూడదు, ముట్టుకోకూడదు, బాగా చూసి పేరు పెట్టాలి. అది అమ్మ పెట్టిన నియమం. ఆడవాళ్ళకి రంగులూ అంచులూ చెప్పుకోవడానికి చీరల కంటే దగ్గరి భాష ఏముంది? తెల్లగా బిరుసుగా రెక్కలు ముడుచుకునేది గంజిచీర. కాఫీరంగు మీద గీతలున్నది వెంకటగిరి. బూడిదరంగుది చర్చి ఉపదేశిగారి భార్య చీర, ఎందుకంటే ఆవిడ వేరే రంగు కట్టగా మేం చూడలేదు. లేత పసుపు రెక్క మీద ఒక్కొక్క నల్లచుక్క ఉన్నది చుక్కల చీర. అది పొలాలవైపు నుంచి గాలివాటాన వచ్చేది.

నేను ఒకరోజు ఒళ్ళంతా నూగుతో బొద్దుగా ఉన్నదానికి మా హెడ్మిస్ట్రెస్సు గారి పేరు పెట్టాను. అమ్మ మొట్టికాయ వేసింది గాని, తర్వాత అది వాలినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. నాకు ఇంకో ఉద్యోగం కూడా ఉండేది. పంచె వెనక నక్కి ఉండే బల్లిని కొబ్బరీనెల చీపురుతో అదిలించడం. ఎంత అదిలించినా సిగ్గులేకుండా మళ్ళీ వచ్చి, ఇంకా పేరు పెట్టనివాటిని చటుక్కున మింగేసేది. దాని మీద నాకు చెప్పలేనంత ఒళ్ళుమంట.

చూసినవన్నీ అమ్మ క్యాలెండర్ మీద రాసేది. ఇక్కడ మా బాబాయి గురించి చెప్పాలి. నాన్నకి స్వంత తమ్ముడు. పామర్రులో పురుగుమందుల కొట్టు పెట్టి నాలుగు ఊళ్ళలో పేరు తెచ్చుకున్నాడు. గొంతు పెద్దది, చెయ్యి పెద్దది, చేతికి ఎముక లేదని నాన్నమ్మ మురిసిపోయేది. ఏటా తన కొట్టు క్యాలెండరు అచ్చు వేయించి రైతులందరికీ పంచేవాడు. పైన పచ్చటి చేనులో మందు డబ్బా పట్టుకుని నవ్వుతున్న రైతు బొమ్మ, కింద నెలకొక కాగితం, తేదీకొక పెద్ద గడి. గడులు అంత పెద్దవిగా ఎందుకంటే, చేలో ఏ రోజు ఏ పురుగు కనపడిందో రైతు ఆ గడిలో రాసుకోవాలి. రాయడం రానివాళ్ళు పిల్లల చేత రాయించుకునేవారు. ఆ కాగితం చింపి కొట్టుకి పట్టుకెళితే బాబాయి చదివి మందు ఇచ్చేవాడు. ఆయన వ్యాపారమంతా ఆ గడుల్లోనే నడిచింది.

మా వంటింట్లోనూ ఆ క్యాలెండరే వేలాడేది. గడులు పెద్దవి, మేకు చేతికందే ఎత్తులో ఉంది, అమ్మకి ఇంకేం కావాలి? ఏ రోజు గడిలో ఆ రోజు వాలినవాటి పేర్లు, పక్కన అవి పిల్లపురుగులుగా ఉన్నప్పుడు ఏ చెట్టు ఆకు తింటాయో రాసేది. పోపు చిట్లి అక్కడక్కడా పసుపు మరకలు కూడా ఉండేవి.

ఆ నెలలో నందివర్ధనం మీద పెద్ద పురుగులు కనపడ్డాయి. నా వేళ్ళకంటే లావు. ఆకు రంగులో ఉండి, మెడ దగ్గర నీలం కళ్ళలాంటి రెండు చుక్కలు, వెనకాల చిన్న కొమ్ము. నేను కెవ్వుమన్నాను. అమ్మ మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని కదలకుండా చూస్తూ ఉండిపోయింది. ట్రైనింగ్ కాలేజీలో ఒక పుస్తకంలో దీని బొమ్మ చూసిందట. ఇది పెద్దదై రెక్కలు తొడుక్కుంటే ఆకుపచ్చ మీద గులాబీ, తెలుపు పాయలు పాయలుగా కలిసి ఉంటాయట. "ఆ బొమ్మ చూసినప్పట్నుంచీ ఒక్కసారి నిజంది చూడాలనుందే" అంది. అమ్మ ఏదైనా కావాలని అడగడం నేను వినడం అదే మొదలు. మా ఇంట్లో కావాలని అడిగే హక్కు మిగతా అందరికీ ఉండేది.

దానికి పేరు ముందే పెట్టేసింది. 'అమ్మమ్మ పట్టుచీర'. వాళ్ళమ్మ కట్టుకున్న ఆకుపచ్చ పట్టుచీర అమ్మ పెట్టె అడుగున ఉండేది, ఎప్పుడూ కట్టేది కాదు. ఆ పురుగులు కొన్నాళ్ళు ఆకులు తెగ తిని, తర్వాత రంగు మారి, ఇటిక రంగులోకి వచ్చి కిందికి దిగాయి. ఎండుటాకుల కింద దూరి గుల్ల కట్టుకున్నాయి. ఆ చెట్టు కింద ఊడవకూడదని అమ్మ నాన్నమ్మకి మరీమరీ చెప్పింది. నాన్నమ్మ చీపురు చేతిలో పట్టుకుని ఆ ఎండుటాకుల చుట్టూ సణుక్కుంటూ తిరిగేది గాని, ఊడ్చేది కాదు.

ఈలోగా మేరీమాత తిరనాళ్ళు వచ్చాయి. కొండ మొత్తం దీపాలు పెట్టారు. నా దృష్టిలో అది పెద్ద అన్యాయం. ఆ మూడు రోజులూ మా పంచెని కాదని పురుగులన్నీ కొండకే వెళ్ళిపోయాయి. సందు నిండా గుండు చేయించుకున్న తలలు, కొబ్బరికాయల పీచు, జీళ్ళ పాకం వాసన. బాబాయి పిన్నిని తీసుకుని తేగల కట్టతో, బస్తాడు పెసరకాయలతో దిగాడు. అమ్మ కోడిపలావు చేస్తుంటే బాబాయి వంటింటి గడపలో నిలబడి తేగ ఒలుచుకుంటూ క్యాలెండర్ చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇన్ని రకాలా వదినా?" అన్నాడు.

"ఇంకా ఉన్నాయి, గడి చాల్లేదు" అంది అమ్మ పొయ్యి ఊదుతూ, సంతోషంగా. ఇంట్లో తన రాతల గురించి అడిగిన మొదటి మగవాడు ఆయనే.

"నిమ్మ మీదా? మునగ మీద కూడానా? ఈ చుక్కలదాన్ని నేనెరుగుదును. దాళ్వా వరి తొలిచేది ఇదే. ఎంతమంది కొంపలు ముంచిందనీ!"

"అవునా? మాకు భలే ముద్దొస్తుంది."

బాబాయి పెద్దగా నవ్వాడు. చుక్కల చీర విషయంలో ఆయన్ని తప్పుబట్టను. చేలో అది రైతు నోటి దగ్గర కూడు లాక్కునేదే. కాని మా దొడ్లో వరి ఎక్కడుంది? ఆ ముక్క ఆయనకి తట్టలేదు. అమ్మ తన కష్టం చెప్పుకోలేక గడుల్లో రాసుకుందని ఆయన అనుకున్నాడు. అడిగి మందు కొట్టించుకోవడానికి వదినకి మొహమాటమని కూడా అనుకున్నాడు.

తిరనాళ్ళు వెళ్ళిన తర్వాత వారం తిరక్కుండానే ఒకరోజు బడి వదిలాక నేనూ అమ్మా కాలవ గట్టున ఇంటికి నడిచి వస్తున్నాం. సందు మొదట్లోనే వాసన తగిలింది. కిరసనాయిలూ కాదు, ఫినాయిలూ కాదు, గొంతులో పీచులా పట్టుకునే ఘాటు. అమ్మ నడక మానేసి పరుగెత్తింది. టీచరు పరుగెత్తడం చూసి సందులో వాళ్ళు బయటికి వచ్చారు.

బాబాయి దొడ్లో ఉన్నాడు. లుంగీ ఎగ్గట్టి, ముక్కుకి తువ్వాలు కట్టుకుని, వీపున పంపుతో చివరి మునగకొమ్మకి మందు కొడుతున్నాడు. నందివర్ధనం తడిసి కారుతోంది. అంతేకాదు, మందు మొదలు దాకా దిగాలని చెట్టు కింద ఎండుటాకులన్నీ ఊడ్చి, గోడవతల కుప్ప పోసి తగలబెట్టాడు. పొగ ఇంకా వస్తోంది. నాన్నమ్మ కోళ్ళని గంప కింద మూసి, అరుగు మీద కూర్చుని చూస్తోంది. బల్లి గోడవారగా వెల్లకిలా పడి ఉంది.

"అయిపోయింది వదినా! ఎండ్రిన్ కొట్టా. ఇంక చూడు, ఈ దొడ్లో ఒక్క పురుగు ఉంటే నా పేరు మార్చుకుంటా" అన్నాడు తువ్వాలు విప్పి, నవ్వుతూ.

అమ్మ అప్పుడు అరిచింది. "ఎవర్నడిగి కొట్టావ్?"

బాబాయి నవ్వు ఆగిపోయింది. "అదేంటి వదినా... క్యాలెండర్లో నువ్వేగా రాశావ్?"

"రాస్తే? చంపమని రాశానా? చంపమని ఎక్కడన్నా ఉందా అందులో?"

"మరి పురుగుల పేర్లు ఇంకెందుకు రాస్తారు?"

ఆయన నిజంగానే అడిగాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఎగతాళి చేసి ఉంటే ద్వేషించడానికి వీలుగా ఉండేది. ఆయన కళ్ళలో మాత్రం ఉత్త అయోమయం. పామర్రు నుంచి బస్సు మీద పంపు వేసుకుని, కొట్టు మూసుకుని, వదిన మీద ప్రేమతో వచ్చాడు.

"నా దొడ్డి అబ్బాయ్ ఇది. నేనింట్లో లేనప్పుడు వచ్చి..." అమ్మ వెళ్ళి నందివర్ధనం కింద కూర్చుంది. ఊడ్చిన నేల మీద చీపురు గీతలు తప్ప ఏమీ లేవు.

తర్వాత జరిగింది తలుచుకుంటే ఈ రోజుకీ నా రక్తం ఉడుకుతుంది. ఇంట్లో ఒక్కరంటే ఒక్కరు అమ్మ పక్షాన మాట్లాడలేదు. "మరిది మీద అలా గయ్యిమంటారా అమ్మాయ్? మంచికేగా చేశాడు" అంది నాన్నమ్మ. నాన్న సాయంత్రం వచ్చి, సంగతి విని, "వాడికి తెలియదులే, ఊరుకో" అన్నాడు. ఊరుకోవాల్సింది ఎప్పుడూ ఆవిడేనా? ఊళ్ళో దొడ్డికి పంపు తెప్పించి మందు కొట్టించాలంటే ఎంతవుతుందో లెక్క చెప్పి, ఊరికే చేసిపెట్టిన మనిషిని తిట్టిందేమిటని పక్కింటివాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. పురుగుల కోసం ఏడ్చిన టీచరమ్మ అని సందులో పేరు పడింది. బళ్ళో నన్ను పురుగుల పిల్ల అన్నారు. నేను ఇద్దరి జడలు పట్టుకుని లాగి గోడకుర్చీ వేశాను. అందుకు నేనేమీ చింతించడం లేదు, ఇప్పుడైనా లాగుతాను.

ఆ సాయంత్రం అమ్మ అన్నం తినలేదు. దీపాలు పెట్టే వేళకి మాత్రం లేచి, మొహం కడుక్కుని, తాతయ్య పంచె తీసుకుని దొడ్లోకి వెళ్ళింది.

"ఇంకెందుకమ్మా?" అన్నాను.

"రోజూ చూస్తున్నాం కదా. ఇవాళ మాత్రం ఎందుకు చూడకూడదు?" అంది.

మందు కంపు ముక్కులు బద్దలు కొడుతోంది. పంచె మీద లారీ వెలుగు పడింది. ఏమీ వాలలేదు. అమ్మ లోపలికొచ్చి క్యాలెండర్ గడిలో 'ఏమీ రాలేదు' అని రాసింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. కాగితం తిరగేసి కొత్త నెల వచ్చినా అదే మాట. రాయకుండా వదిలేద్దామంటే ఒప్పుకోలేదు. "రాకపోవడం కూడా సంగతేనే. ఎవరో ఒకరు రాయాలి" అంది. నా కొబ్బరీనెల చీపురుకి పనిలేదు. ఎన్నిసార్లు తిట్టుకున్నానో, ఆ బల్లి వస్తే బాగుండుననిపించింది. నాన్నమ్మ మాత్రం పీట వేసుకుని వచ్చి కూర్చోవడం మానలేదు. తిట్టడానికి ఏమీ లేక ఊరికే ఆ తెల్ల పంచె వంక చూసేది. ఒకరోజు తనలో తానే, "దొడ్డి బోసిపోయిందే" అంది. అమ్మతో అనలేదు, అమ్మకి వినపడేలా అంది.

ఈస్టర్‌కి బాబాయి మళ్ళీ వచ్చాడు. జరిగింది మర్చిపోయినట్టే వచ్చాడు, ఇంత చింతచిగురు పట్టుకుని. చెయ్యి కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్ళి క్యాలెండర్ చూశాడు. గడి గడికీ 'ఏమీ రాలేదు', 'ఏమీ రాలేదు'. ఆయన మొహం చేటంత అయింది.

"చూశావా వదినా! ఎంత బాగా పనిచేసిందో! ఈ కాగితం నాకిచ్చేయ్, కొట్లో కట్టుకుంటా. రైతులకి చూపిస్తా."

నా చేతిలో పులుసు గిన్నె ఉంది. ఆయన నెత్తిన పోద్దామా అనుకున్నాను. అమ్మ కోప్పడలేదు. కోడికూర వడ్డించింది, చారు వడ్డించింది, చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళిచ్చింది. పొద్దువాలాక పంచె కట్టి, దీపం వెలిగించి, ఎదురుగా పీట వేసింది.

"అబ్బాయ్, ఇలా వచ్చి కూర్చో."

బాబాయి వచ్చి కూర్చున్నాడు. అమ్మ పక్కన నిలబడింది. లారీ దీపం పంచె మీద తెల్లగా, గుండ్రంగా పడింది. మామిడి పూత రాలిపోయి పిందెలు పడ్డాయి, ఎక్కడో కాలవలో నీళ్ళ చప్పుడు. బాబాయి అటూ ఇటూ కదిలాడు. దగ్గాడు. చుట్ట తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. నాన్న అరుగు మీద నుంచి చూస్తున్నాడు.

చివరికి ఆయనే అన్నాడు. "ఏం చూడాలి వదినా? ఏమీ లేదుగా."

"అదే చూడు" అంది అమ్మ.

బాబాయి ఇంకాసేపు కూర్చున్నాడు. ఆయనకి అర్థమైందో లేదో నాకు తెలియదు. లేచి వెళ్ళేటప్పుడు క్యాలెండర్ కాగితం మాత్రం అడగలేదు. తర్వాత మా ఇంటికి ఎన్నిసార్లు వచ్చినా పంపు తేలేదు. అలాగని తప్పయిందని ఒక్క మాటా అనలేదు. పెద్దమనిషి, ఎలా అంటాడు? మంచి చేసినవాళ్ళకి క్షమాపణ చెప్పే అవసరం పడదు. ఆ సుఖం వాళ్ళకే దక్కింది.

దొడ్లోకి పురుగులు మళ్ళీ వచ్చాయి, కొన్నేళ్ళు పట్టింది. గంజిచీరలు వచ్చాయి, వెంకటగిరి వచ్చింది. అమ్మమ్మ పట్టుచీర మాత్రం రాలేదు. ఆ తర్వాత నాన్నకి ఓపిక తగ్గి దొడ్డి అమ్మేశారు. అక్కడ ఇప్పుడు మూడంతస్తుల మేడ ఉంది. అమ్మ ఆ పురుగుని రెక్కలతో చూడకుండానే పోయింది. ఒక్కసారి చూడాలని అడిగింది అంతే, ఇంకేమీ అడగలేదు. దాన్ని కూడా ఊడ్చి తగలబెట్టారు.

సెక్రటరీకి ఇదంతా చెప్పలేదు. చెబితే ఆంటీకి మతి పోయిందని వాట్సాప్ గ్రూపులో పెడతాడు. నందివర్ధనం కుండీ కింద నా పాత చీర ఒకటి జోలెలా కట్టాను, కింది ఫ్లాటావిడ బట్టల మీద ఇక ఏమీ రాలదు. "కావాలంటే పొద్దువాలాక రండి, కుర్చీ వేస్తాను, కూర్చుని చూద్దురు గాని" అన్నాను. "ఏం చూడాలండీ?" అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబు నాకు తెలుసు. కాని ఈసారి ఆ జవాబు చెప్పే అవసరం రాకూడదని నా ఆశ.

ఎందుకంటే కుండీలో ఉన్న నీలం చుక్కల పెద్ద పురుగు నాలుగు రోజుల కిందట ఇటిక రంగుకి తిరిగింది. నేను వేసిన ఎండుటాకుల కింద దూరింది. బాల్కనీ తలుపుకి తాళం వేసి తాళంచెవి బొడ్లో దోపుకుని తిరుగుతున్నాను. సాయంత్రం కాగానే తెల్లటి దుప్పటి కట్టి లైటు వేస్తున్నాను. అసోసియేషన్ వాళ్ళు పంచిన క్యాలెండర్ ఉంది, దానికీ తేదీకొక గడి ఉంది. నిన్నటి గడిలో 'ఏమీ రాలేదు' అని రాశాను. ఇవాళ్టి గడిలో ఇంకా ఏమీ రాయలేదు. రాయాల్సిన పేరు మా అమ్మ ఎప్పుడో పెట్టి వెళ్ళింది.